నాదెళ్లను నిలదీశాను, మామయ్య మాటలు మానేశారు

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో పని చేస్తున్నాను. 2024 జూలై 19న ఢిల్లీ వెళ్లాల్సి ఉండగా శంషాబాద్ విమానాశ్రయంలో చిక్కుకుపోయాను. కంప్యూటర్ తెరలు నీలంగా మారి నిలిచిపోయాయి. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసు చేతిలో పెట్టింది. మూడు గంటలు నేల మీద కూర్చున్నాక ఒళ్లు మండి మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఇలా రాశాను: "మైక్రోసాఫ్ట్ ప్రపంచాన్ని ఆపేసింది. సత్య నాదెళ్ల రాజీనామా చేయాలి." ఫేస్‌బుక్‌లోనూ అదే పెట్టాను. మా మేనమామ డాలస్‌లో ముప్పై ఏళ్లుగా డేటాబేస్‌ల పనిలో ఉన్నారు. అక్కడ తెల్లవారాక ఆయన జవాబిచ్చారు: "మన హైదరాబాద్ కుర్రాడు అంత ఎత్తుకు ఎదిగితే సంతోషించాల్సింది పోయి రాళ్లు వేస్తావా? ముందు నీ స్థాయి చూసుకో." నేనూ తగ్గలేదు. నలభై మంది బంధువులు చూస్తుండగా మాటా మాటా పెరిగింది. ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. "నువ్వు రాస్తే నాదెళ్ల చదువుతాడా?" అని నా భార్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. వచ్చే నెల అమ్మమ్మ సహస్ర చంద్ర దర్శనానికి మామయ్య తెనాలి వస్తున్నారు. అంత పెద్దవాళ్లను ప్రశ్నించే హక్కు నాలాంటివాడికి లేదా? ఇలా రాయడం మానేయాలా? మామయ్యకు క్షమాపణ చెప్పాలా? ఆ బోర్డింగ్ పాసు ఇంకా నా పర్సులోనే ఉంది.
(ఒక పాఠకుడు, మియాపూర్)

సమాధానం: తెనాలి ప్రయాణం దగ్గర పడుతోంది కాబట్టి మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. క్షమాపణ చెప్పండి. దేనికి చెప్పాలో మాత్రం ముందు తేల్చుకోండి. పెద్దవాణ్ణి ప్రశ్నించినందుకు చెప్పనక్కర్లేదు. తప్పు మనిషిని పట్టుకున్నందుకు చెప్పాలి. నలుగురిలో మేనమామతో మాట తూలినందుకు చెప్పాలి.

తప్పు మనిషి అని ఎందుకన్నానంటే, ఆ శుక్రవారం కూలింది విండోసే అయినా దాన్ని కూల్చింది మైక్రోసాఫ్ట్ కాదు. టెక్సాస్‌లోని ఆస్టిన్ కేంద్రంగా క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ ఉంది. మీ మామయ్య ఊరి నుంచి కారులో మూడు గంటల దూరం. సైబర్ దాడుల నుంచి కంప్యూటర్లను కాపాడే ఫాల్కన్ అనే కాపలా ప్రోగ్రామును అది అమ్ముతుంది. విమానయాన సంస్థలు, బ్యాంకులు, ఆసుపత్రులు డబ్బు కట్టి దాన్ని తమ విండోస్ యంత్రాలలో పెట్టుకుంటాయి. మన గడియారం ప్రకారం ఆ ఉదయం 9 గంటల 39 నిమిషాలకు, కొత్త దాడుల ఆనవాళ్లున్న ఒక చిన్న ఫైలును ఆ కంపెనీ అందరికీ ఒకేసారి పంపింది. 21వ గడిలో ఏముందో చూడమని ఫైలు చెప్పింది. ప్రోగ్రాముకు అందినవి 20 గడులే. లేని గడి కోసం అది మెమొరీలో తనది కాని చోట చేయి పెట్టింది. బయట వరండాలో ఉండే ప్రోగ్రాము అయితే అదొక్కటే ఆగిపోయేది. ఇది కాపలాదారు కాబట్టి దీని చోటు విండోస్ గర్భగుడిలో, అంటే కెర్నల్‌లో. అక్కడ కాలు జారితే గుడి మొత్తం కూలుతుంది.

10 గంటల 57 నిమిషాలకల్లా కంపెనీ ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. మొత్తం 78 నిమిషాలు. ఆలోగా పడిపోయిన యంత్రాలు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ లెక్క వేసింది. ప్రపంచంలోని విండోస్ యంత్రాలలో అది ఒక శాతం కూడా కాదు. కాకపోతే విమానాశ్రయాలు, ఆసుపత్రులు ఆ ఒక శాతంలోనే ఉన్నాయి. పడిపోయినవాటికి దూరం నుంచి మందు వేయడం చాలాచోట్ల కుదరలేదు. ఒక్కో యంత్రం ముందు మనిషి కూర్చుని, సేఫ్ మోడ్‌లో తెరిచి, పేరులో 291 ఉన్న ఆ ఫైలును వెతికి తీసేయాల్సి వచ్చింది. మీ కౌంటర్ అమ్మాయి పెన్ను పట్టింది అందుకే.

కాబట్టి ఆ రోజు జవాబు చెప్పాల్సిన మొదటి మనిషి క్రౌడ్‌స్ట్రైక్ అధిపతి జార్జ్ కర్ట్జ్. ఆయనను అడగవలసినవి చాలా ఉన్నాయి. ముందు కొద్దిమందికి పంపి చూడకుండా లోకమంతటికీ ఒకేసారి ఎందుకు పంపారు? తప్పుడు ఫైలును ఆపాల్సిన తనిఖీ దాన్ని ఎలా వదిలేసింది? ఆయన మొదటి ప్రకటనలో ఇది సైబర్ దాడి కాదన్న భరోసా ఉందిగానీ క్షమించమన్న మాట లేదు. అది తర్వాత టీవీలో వచ్చింది. ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల విండోస్ ఎక్స్‌పీ యంత్రాలు ఇలాగే కుప్పకూలాయి. అప్పుడు ఆ కంపెనీలో సాంకేతిక విభాగానికి పెద్ద ఈయనే. ఆ పాఠం పద్నాలుగేళ్ల తర్వాత ఎందుకు అక్కరకు రాలేదని అడిగితే అది ప్రశ్న. అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ఆ సెప్టెంబరు 24న విచారణ జరిపితే కంపెనీ తరఫున ఒక సీనియర్ ఉపాధ్యక్షుడు వచ్చి తప్పు ఒప్పుకుని వెళ్లారు. కర్ట్జ్ రాలేదు.

మైక్రోసాఫ్ట్‌కు ఇందులో ఏ పాత్రా లేదని అనను. బయటి కంపెనీలను గర్భగుడిలోకి ఎందుకు రానిస్తున్నారన్నది న్యాయమైన ప్రశ్నే. 2009లో ఐరోపా కమిషన్‌తో కుదిరిన అవగాహన వల్ల తలుపు మూయలేకపోతున్నామని ఆ కంపెనీ చెప్పుకుంది. ఆ జవాబు సరిపోతుందా లేదా అని మీరు, మామయ్య గంటసేపు వాదించుకోవచ్చు. "రాజీనామా చేయాలి" అన్న మీ వాక్యంలో ఆ వాదనకు చోటు లేదు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఇది చదివాక మామయ్యదే పైచేయి అనుకుంటారేమో, తొందరపడకండి. నాదెళ్ల నిజంగా జవాబు చెప్పాల్సిన సంగతి ఒకటి ఆ సంవత్సరమే ఒక నివేదికలో తేలింది. ఆ రోజు మీరు గానీ, మామయ్య గానీ, గ్రూపులోని మిగతా బంధువులు గానీ దాని ఊసెత్తినట్టు ఉత్తరంలో లేదు. మా ఇంట్లోనూ ఎవరూ ఎత్తలేదు లెండి.

2023 వేసవి నాటికి, చైనా ప్రభుత్వంతో సంబంధముందని భావించే ఒక బృందం మైక్రోసాఫ్ట్ వారి డిజిటల్ తాళం చెవి ఒకటి సంపాదించింది. 2016 నాటి చెవి, ఎప్పుడో పక్కన పడేయాల్సింది. దానితో అమెరికా వాణిజ్య మంత్రి మెయిల్ పెట్టెతో సహా 500 మందికి పైగా ఉత్తరాలు తెరిచి చదివింది. ఒక్క విదేశాంగ శాఖ నుంచే దాదాపు 60,000 మెయిళ్లు తీసుకుపోయింది. దొంగతనాన్ని ముందు పసిగట్టింది ఇంటి యజమాని కాదు, అద్దెకున్న విదేశాంగ శాఖ. అదనంగా డబ్బు కట్టి, మెయిళ్లను ఎవరు ఎప్పుడు తెరిచారో చెప్పే వివరమైన లాగ్ రికార్డులు తీసుకుంటోంది కాబట్టి దాని కంట పడింది. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సమీక్ష మండలి దీని మీద విచారించి, 2024 ఏప్రిల్ 2న నివేదిక విడుదల చేసింది. ఈ చొరబాటు జరగకుండా ఆపగలిగినదేనని, కంపెనీలో భద్రతా సంస్కృతే చాలదని అందులో తేల్చి చెప్పింది.

ఆ నివేదికలో నన్ను కుదిపింది వేరే సంగతి. తాళం చెవి ఎలా పోయిందో 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఒక కథనం ప్రచురించింది. ఆ తర్వాత అందుకు తమ దగ్గర ఆధారం లేదని వాళ్లకే తెలిసింది. అయినా దిద్దుబాటు వేయలేదు. మండలి పదే పదే అడిగాక 2024 మార్చి 12న వేశారు. నేను పత్రికా కార్యాలయంలో డెస్కు మీద చాలా ఏళ్లు పని చేశాను. మరణవార్తలో ఒక ఇంటిపేరు తప్పు పడితే మర్నాడు సవరణ వేయకుండా ఇంటికి వెళ్లనిచ్చేవారు కాదు. ప్రపంచంలోకెల్లా విలువైన కంపెనీలలో ఒకటి ఆ తప్పు కథనాన్ని ఆరు నెలలు అలాగే ఉంచింది!

నాదెళ్ల జవాబుదారీ అంటే ఇదీ. ఆయన మొహం చాటేశారని చెప్పను. మే నెలలో, అన్నిటికన్నా భద్రతే ముందని ఉద్యోగులందరికీ లేఖ రాశారు. జూన్ 13న కంపెనీ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ ప్రతినిధుల సభ సంఘం ముందు కూర్చుని నివేదికలోని ప్రతి తప్పుకూ బాధ్యత ఒప్పుకున్నారు. తన నగదు బోనస్ తగ్గించమని నాదెళ్ల స్వయంగా బోర్డును అడిగారు. రావాల్సిన కోటీ ఆరు లక్షల పైచిలుకు డాలర్లకు బదులు 52 లక్షల డాలర్లే ఇచ్చారు. బాగుంది. ఈ లెక్కలున్న కంపెనీ కాగితాన్నే కొంచెం కిందికి చదివితే, ఆ సంవత్సరం ఆయన మొత్తం ప్రతిఫలం 4.85 కోట్ల డాలర్ల నుంచి 7.91 కోట్ల డాలర్లకు పెరిగిందని ఉంటుంది. అందులో అధిక భాగం షేర్లు. ఆయన అడిగి తగ్గించుకోవడం మర్యాదగా నాకు తోచింది. పై అంకెను చూశాక అది శిక్ష అని మాత్రం తోచలేదు. మీకు మరోలా అనిపించవచ్చు. కాగితం ముందు పెట్టుకుని మాట్లాడుకుంటున్నాం కాబట్టి మనిద్దరం పోట్లాడుకున్నా నష్టం లేదు. అన్నట్టు, అంత గట్టిగా నివేదిక రాసిన ఆ సమీక్ష మండలి సభ్యులందరినీ 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం తొలగించింది. దాని మీద మన గ్రూపుల్లో ఎవరికీ కోపం రాలేదు. తెర నీలంగా మారలేదు మరి.

"నీ స్థాయి చూసుకో" అన్నారు కదా, చూద్దాం. మూడు గంటలు నేల మీద కూర్చున్నది మీరు. మీ పని, మీ బ్యాంకు ఖాతా, మీ అమ్మగారి ఆసుపత్రి రికార్డు అన్నీ ఈ పది పన్నెండు కంపెనీల యంత్రాల మీదే నడుస్తున్నాయి. అడగడానికి ఆ స్థాయి చాలు. నాదెళ్ల తీసుకున్న నిర్ణయాలు, జీతం, నలుగురిలో ఇచ్చిన మాట, విచారణలో చెప్పిన సాక్ష్యం మీకు అడగదగ్గవి. ఆయన ఇల్లు, పిల్లలు, కులం, యాస అడగదగ్గవి కావు.

మామయ్య మీద నాకు కోపం లేదు. ఒకప్పుడు నేనూ ఆయన కుర్చీలోనే కూర్చున్నాను. 2008 డిసెంబరు సంగతి. సత్యం కంప్యూటర్స్ బోర్డు 160 కోట్ల డాలర్లు పెట్టి మైటాస్ పేరున్న రెండు కంపెనీలను కొంటానని ప్రకటించింది. సత్యం ఛైర్మన్ రామలింగరాజు కొడుకుల కంపెనీలవి. సత్యం అన్న ఇంగ్లీషు అక్షరాలను వెనక నుంచి చదివితే మైటాస్ వస్తుందని అప్పుడు పాన్ డబ్బాల దగ్గర కూడా చెప్పుకునేవారు. మా పైవాటాలో ఒక రిటైరైన బ్యాంకు అధికారి ఉండేవారు. మెట్ల మీద నన్ను ఆపి, "షేర్‌హోల్డర్ల డబ్బుతో కొడుకుల ఆస్తి కొనడమేమిటండీ?" అన్నారు. నేను ఎగిరిపడ్డాను. వేల మందికి ఉద్యోగాలిచ్చిన మన మనిషి అన్నాను, ఓర్వలేనితనం అన్నాను. నిజానికి ఆ ప్రకటన నేను చదవనే లేదు. అదే ప్రశ్న ముంబైలో, న్యూయార్క్‌లో మదుపరులు అడిగారు. అమెరికా మార్కెట్లో సత్యం షేరు ఒక్క రోజులో సగానికి పైగా పడిపోయింది. ఒక రాత్రి గడవకముందే కొనుగోలు రద్దయింది. మూడు వారాల తర్వాత, 2009 జనవరి 7న, రాజు లేఖ వచ్చింది. ఖాతాల్లో చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు అసలు లేదని, తన పరిస్థితి పులి మీద స్వారీలా మారిందని రాశారు. లేని ఆస్తుల చోట నిజమైన ఆస్తులు చూపించడానికి మైటాసే తన ఆఖరి ప్రయత్నమని కూడా అందులో ఉంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది, మర్నెలలో అప్పీలు మీద బెయిలు వచ్చింది.

లేఖ బయటపడిన మర్నాడు పైవాటాయన మెట్ల మీద కనిపించారు. దెప్పుతారని తల వంచుకున్నాను. "పాలు వచ్చాయా?" అని అడిగి వెళ్లిపోయారు. అంతకన్నా దెప్పడం ఉంటుందా?

మీ శ్రీమతి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే దొరుకుతుంది. నాదెళ్ల మీ పోస్టు చదవరు. మైటాస్ కొనుగోలును ఆపినవాళ్లవి కూడా ఆయనంత పెద్ద పేర్లేమీ కాదు. ప్రకటన చదివి, అందులో ఎవరి డబ్బు ఎవరికి పోతోందో చూసి, తప్పించుకోవడానికి వీల్లేని ఒక్క ప్రశ్న పట్టుకున్నారు. "రాజు దిగిపోవాలి" అని అరిచి ఉంటే అది గాలిలో కలిసిపోయేది. అందుకే రాయడం మానేయమని నేను అనను. కాస్త ఆలస్యంగా రాయమంటాను. క్రౌడ్‌స్ట్రైక్ తన పూర్తి వివరణ ఆగస్టు 6న ప్రచురించింది. అది చదివి ఆగస్టు 7న రాసి ఉంటే, లోకమంతా ఇంకో విషయానికి వెళ్లిపోయాక కూడా మీరు ఒకే ప్రశ్న మీద నిలబడి ఉండేవారు. లైకులు తక్కువ వస్తాయి, అది నిజమే. కానీ మీ ఆఫీసులో ఒకరిద్దరు, అప్‌డేట్ వస్తే ముందు రెండు యంత్రాల మీద చూసి తర్వాత అందరికీ పంపుదాం అనేవారేమో. అది నాదెళ్ల చదవడం కన్నా మీకు దగ్గరి లాభం.

చట్టం సంగతి మీరు అడగలేదు, అయినా ఒక మాట. ఆన్‌లైన్‌లో చిరాకు తెప్పించే మాట రాశారని అరెస్టు చేసేందుకు వీలిచ్చిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. పరువునష్టం నేరం మాత్రం ఐపీసీ చోట వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. "దిగిపోవాలి" అంటే అభిప్రాయం. "డబ్బు తిన్నాడు" అంటే ఆధారం చూపాల్సిన ఆరోపణ. ఇంకో పని కూడా చేయండి. బీరువాలోంచి మీ నియామక పత్రం తీసి, సోషల్ మీడియా గురించి అందులో ఏముందో చూడండి. మీ సంస్థ ఖాతాదారుల పేర్లెత్తి రాయకూడదని చాలా కంపెనీలు షరతు పెడతాయి.

ఫేస్‌బుక్‌లో ఆ పాత పోస్టును తీసేయకండి. దాని కిందనే, తప్పు ఎవరిదో, మీకు ఎప్పుడు తెలిసిందో తేదీ వేసి రెండు వాక్యాలు రాయండి. ఇన్నాళ్లకు ఎవరు చూస్తారని అనుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా ఆ ఆరు నెలలూ అలాగే అనుకుని ఉంటారు.

మామయ్యకు మాత్రం గ్రూపులో రాయకండి, విడిగా పంపండి. "మామయ్యా, ఆ రోజు యంత్రాలు పడిపోవడానికి కారణం క్రౌడ్‌స్ట్రైక్ అని తర్వాత తెలుసుకున్నాను. నాదెళ్ల రాజీనామా చేయాలని రాయడం నా తప్పు. నలుగురిలో మీతో అలా మాట్లాడటం ఇంకా పెద్ద తప్పు. తెనాలి స్టేషన్‌కు నేనే వస్తాను." అక్కడ ఆపేయండి. తర్వాతి వాక్యం "కానీ" అని మొదలవుతుంది, నాకు తెలుసు. దాన్ని రాయకండి. గ్రూపులో గొడవ చూసిన నలభై మందికి వేరే ప్రకటన అక్కర్లేదు. మీరిద్దరూ ఒకే కారు దిగితే వాళ్లకే అర్థమవుతుంది.

తాళం చెవి కథ, జీతం అంకెలు తెనాలికి మోసుకెళ్లి "చూశారా మీ నాదెళ్ల" అనకండి. అది పాత తగాదాకే కొత్త చొక్కా తొడగడం అవుతుంది. ముప్పై ఏళ్లు డేటాబేస్‌లతో గడిపిన మనిషి ఆయన. రాత్రి పూట అందరికీ పంపిన మార్పు బెడిసికొట్టి, తెల్లవారేదాకా కూర్చుని దిద్దిన అనుభవం ఆయనకు తప్పకుండా ఉంటుంది. అది అడగండి. భోజనాలయ్యాక, వక్కపొడి నములుతూ పెద్దవాళ్లు అరుగు మీద కూర్చున్నప్పుడు, మీ పర్సులోంచి ఆ బోర్డింగ్ పాసు తీసి ఆయన చేతికివ్వండి. కళ్లజోడు పైకి తోసుకుని, సీటు నంబరు కూడా పెన్నుతోనే రాశారా అని అడుగుతారు. అక్కడి నుంచి 21వ గడి కథ మీరు చెప్పండి.